నడుమ మైనస్

వేలెడంత కూడా లేదది.
చింతగింజ మందం ఇనుప మూతి.
దానికోసం గుంతకల్లులో
నేనెక్కని అంగడి మెట్టు లేదు.

పెట్టె బాగానే ఉంది.
నలభై తొమ్మిది మెట్లు, రెండు పసుపు తిరిగినాయి,
మూత మీద ఎవరిదో బీడీ కాలిన మచ్చ.
ఎనభై నాలుగులో మా మేష్ట్రు చీటీ పాడి
బళ్ళారిలో కొన్న జపాన్ సరుకు.
కరెంటు తీగ తలే,
ఎలుక కొరికిందో, ఎద్దులబండి ఎక్కిందో,
పోయిన శివరాత్రి నాటకంలో
నాలుగో పద్యం నడుమ ఊడింది.

రాణివేషం కట్టిన హనుమక్క రాగం
గాలిలో నిలిచిపోయింది,
కాళ్ళకింద చాప లాగేసినట్టు.
ఆమె ఆగలేదు.
ఒంటిగొంతుతో పద్యం దించి
తెర వెనక్కొచ్చి కిరీటం తీస్తా
ఒకటే మాట:
"ఓబులేసూ, దాన్ని బతికించు."

"ఈ మూతి ఇప్పుడు రాదప్పా."
"బెజ్జం సన్నం, సూది లావు. యాడిదిది?"
"ఆడపిన్నా, మగపిన్నా?" ఒకడు కన్ను గీటె.
"కొత్తది కొనరాదా, ఐదారువేలకు వస్తాది."
ఈ మాట మాత్రం అందరూ.

కొనొచ్చు.
కొత్తదాంట్లో వంద గొంతులుంటాయి.
హనుమక్క గొంతు ఆనుకునే గోడ ఉండదు.

అచ్చు తీసుకుపోతే మేలని
ఎర్రసబ్బు ముక్క తడిపి బెజ్జంలో కూరి తీసి
రుమాల్లో చుట్టుకొని గుత్తి పోయినా,
అనంతపురం పోయినా.
మూడోనాడు మా బుడ్డోడు
దాంతోనే మొగం కడిగినాడు.
నేను వెతికేదాని రూపం
నురగై మోరీలో పాయె.

ఇంక పెట్టెనే సంకనేసుకొని తిరిగినా.

గడియారాల మహబూబ్ పీరా
కంట్లో అద్దం ఇరికించుకొని
పెట్టె వెనక చిన్న బొమ్మ చదివె:
సున్న, సున్న నడుమ చుక్క.
"లోకమంతా నడుమ ప్లస్సు పెడితే
దీనికి నడుమ మైనస్సప్పా.
తెలీక తగిలిస్తే లోపల పొగే."
మా మేష్ట్రూ అంతే.
ఊరంతా ఔనంటే ఆయన కాదనేటోడు.

పీరా అద్దం తీయకుండానే అనె:
"ఈ మూతి నేను చూసినా.
గూడ్సు గార్డు జకరయ్య చేతిదీపానికి."

జకరయ్య దీపం తెచ్చి బల్లమీద పెట్టె.
ఎరుపు, పచ్చ, తెలుపు, మూడూ వెలగవు,
బ్యాటరీ ఉబ్బి చాన్నాళ్ళాయె.
తీగను మాత్రం చుట్ట చుట్టి
రబ్బరు వేసి దాచినాడు.
దూర్చి చూస్తే పోయి కూర్చుంది,
లూపులైనులోకి గూడ్సు జొరబడినట్టు, నిదానంగా.

"నూటాయాభై."
"చచ్చిన దీపం తీగకా?"
"దీపం చచ్చింది. తీగ చావలేదు గదా."
ఇస్తి. తడి వేలితో రెండుసార్లు లెక్కబెట్టుకునె.
నేను కత్తెర తీస్తే మాత్రం
కొన తానే బిగబట్టి
మొగం పక్కకు తిప్పుకునె.

పాత అడాప్టరు తీగకు దీపం తీగ తల.
ఎర్రది నల్లదానికి, నల్లది ఎర్రదానికి.
సీసం పొగ వాసన.
పీరా మూడుసార్లు మీటరు పెట్టి చూసి
"వెయ్యి" అనె.

పొగ రాలేదు.
గుయ్యిమని సన్నగా ఈగమోత వచ్చె.
అది దాని పాత రోగమే.
ఆ రోగం వినబడినాకనే
నాకు పానం కుదుటపడింది.

ఫోను కలిపి, రెండో బొత్తాం నొక్కి,
నాలుగున్నర శ్రుతి పట్టుకున్నా.
అవతల జొన్నరొట్టె తడుతున్న చప్పుడు.
తట్టుడు నిలిచింది.
హనుమక్క ఏమీ అనలేదు.
కాసేపటికి
ఆ స్వరం మీదికి మెల్లగా తన గొంతు తెచ్చి
ఆనించింది.

ఒక లోపం ఉండనే ఉంది. మూతి కొంచెం వదులు.
పాత అట్టటికెట్టు మడిచి కింద చెక్కితేనే
పెట్టె పలుకుతాది.
అదీ జకరయ్య ఇచ్చిందే, దానికి దుడ్లు అడగలే.
గుంతకల్లు నుంచి డోను, రెండో తరగతి.
చిల్లు పడని టికెట్టు.