గోలీల చప్పుడు

రాత్రి పదకొండూ ఇరవైకి
నా నెత్తి మీద ఎవరో గోలీ జారవిడుస్తారు.
టక్.
టక్ టక్.
తర్వాత గచ్చు మీద గర్ర్‌మని దొర్లుకుంటూ
బెడ్రూం దాటి, హాలు దాటి,
మా దేవుడి అలమర నెత్తి దాకా పోయి
ఆగుతుంది.
ఆగిందని నమ్మి దుప్పటి లాక్కుంటానా,
ఇంకొకటి.

ఆరేళ్లుగా ఇదే.
మూసాపేటలో, మెట్రో పిల్లరు నంబరు చెప్తే గానీ
ఆటోవాడికి దొరకని సందులో,
మూడో అంతస్తు, మూడువందల మూడు.
మా ఆవిడ పడుకుందంటే పిడుగు పడ్డా లేవదు.
నాకే ఈ చెవులు,
పగలంతా కరెంటాఫీసు కౌంటర్లో
బిల్లెక్కువొచ్చిందని అరిచేవాళ్లను విని విని
రాత్రయినా డ్యూటీ దిగని చెవులు.

పగటి సంగతులు వేరే.
ట్యాంకరొస్తే నా బండి తియ్యాలి,
తీస్తే ఆ చోట్లో ఇంకెవరిదో కారు.
లిఫ్టుకు ఉగాది నాటి నుంచి జ్వరం.
'రేపు బాగవుతుంది' అని అంటించిన కాగితం
అంచులు పసుపెక్కి చిరిగినా
రేపు మాత్రం రేపులాగే ఉంది.
బాత్రూం కప్పు మీద చెమ్మ
మొదట్లో అరటికాయ బజ్జీ అంత,
ఇప్పుడు మెదక్ జిల్లా అంత.
సెక్రటరీ మృత్యుంజయరావు గారికి చెప్తే
"అది మీకూ మీ పైవాళ్లకూ మధ్య విషయం" అంటారు.
మెయింటెనెన్సు మాత్రం
మనందరి మధ్య విషయం.
ఇవన్నీ పడతాను.
గోలీ ఒక్కటే పడలేను.

మొన్న బుధవారం
మాపు కర్రతో కప్పును మూడుసార్లు పొడిచాను.
సున్నం రాలి కళ్లల్లో పడింది.
పైనుంచి జవాబుగా ఇంకో గోలీ.

లుంగీ బిగించి మెట్లెక్కాను,
మెట్టుకో మాట నూరుకుంటూ:
ఏమండీ, మీ పిల్లలకు నిద్రుండదా,
ఇది ఇల్లా, ఆటస్థలమా,
కింద బతికేవాళ్లు మనుషులు కారా...
ఆఖరి మెట్టుకొచ్చేసరికి
అన్నీ కత్తులై కూచున్నాయి నాలుక మీద.

తలుపు తీసింది జోస్ఫిన్ టీచరు.
చేతిలో ఎర్ర పెన్ను,
వెనక టేబుల్ మీద తొమ్మిదో తరగతి పేపర్ల కట్టలు.
పిల్లల్లేరు. గోలీల్లేవు.
గచ్చు మీద ఒక పిల్లి, అదీ పడుకుని.
"మీరూ విన్నారా?" అందామె
నేను నోరు తెరవకముందే.
"పై అబ్బాయిలనుకున్నా ఇన్నాళ్లూ.
వాళ్లది నైట్ షిఫ్టట,
ఇల్లు చేరేదే తెల్లారి నాలుగుకి."
ఇద్దరం పైకి చూశాం.
ఆమె కప్పు మీదా కర్రపోట్ల గుర్తులు.

తర్వాత అడిగింది, నెమ్మదిగా,
ఒక మార్కు కొయ్యబోతూ ఆగినట్టు:
"పొద్దున్నే అయిదింటికి ఆ మిక్సీ... మీదేనా?"

మాదే.
పల్లీల చట్నీ.
మా ఆవిడ లేచేలోపు చేసి
మెప్పు కొట్టేద్దామని నేనే.
కత్తులన్నీ ఎక్కడ దాచుకోవాలో తెలియక
"పదండి, డాబా చూసొద్దాం" అన్నాను.

నర్సింలును లేపి తాళం తీయించాం.
నాలుగు నల్ల ట్యాంకులు,
ఎవరో ఎత్తడం మరిచిన మిరపకాయల గుడ్డ,
దూరంగా ఆఖరి మెట్రో
లోపల మనిషి లేకుండా, దీపాలన్నీ వేసుకుని.
"పైపులల్ల గాలి సార్" అన్నాడు నర్సింలు ఆవులిస్తూ.
"మోటర్ బంద్ జేసినంక ఎన్కకు కొడ్తది. గంతే."
అంత సులువుగా చెప్పినందుకు
ఇద్దరికీ వాడి మీద కోపమొచ్చింది.
ఆరేళ్లు నేను శాపనార్థాలు పెట్టింది
గాలికా?

ఇంటికొచ్చి, చీకట్లో చెప్పులు విప్పుతుంటే
లుంగీ మడతలోంచి రెండు రూపాయల బిళ్ల జారింది.
టక్.
టక్ టక్.
గర్ర్‌మని సోఫా కిందికి దొర్లిపోయింది.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత నా అరికాళ్ల కింద,
రెండువందల మూడులోంచి,
కర్రతో మూడు పోట్లు.

నలభై ఎనిమిదేళ్ల మనిషిని,
లుంగీ ఎత్తి పట్టుకుని
చీకటి హాల్లో ఒంటికాలి మీద
కొంగలా నిలబడిపోయాను
రెండో కాలు ఎక్కడ మోపాలో తెలియక.