రెగ్యులేటర్

పాలమూరు పెద్దాసుపత్రి, పద్నాలుగో నంబరు గది.
బయట బల్ల మీద గోడకు ఆనుకుని నలుగురు.
లోపల నేను, రెండు కుర్చీలు,
సొట్టపోయిన స్టీలు గ్లాసు,
పైన ఒక ఫ్యాను.

పేరు అడగకముందే మనిషి సగం తెలుస్తాడు నాకు.
ఫ్యాను దగ్గర తెలుస్తాడు.

కుర్మయ్య వచ్చీరాగానే
రెగ్యులేటర్ తిప్పి, ఆ తర్వాతే కూర్చున్నాడు.
దేవరకద్ర దిక్కు బోరుబండి యజమాని.
"ఏడు బోర్లు ఏసిన మేడం, ఏడూ ఎండినయ్.
నా లెక్కనే తప్పింది."
కింద రాతిపొరది తప్పు కాదు,
మూడేండ్లు మొఖం చాటేసిన వానది తప్పు కాదు,
తప్పంతా తన రెండు చేతులదే.
వాటిని ఒళ్లో పెట్టుకుని చూస్తుంటాడు,
దొరికిన దొంగల్ని చూసినట్టు.

తెలియక మొదటి వారం కాగితం మీద రాసిచ్చాను:
పొద్దున నడవాలి, పదింటికి పడుకోవాలి,
ఇది చేయాలి, అది మానాలి.
మడిచి జేబులో పెట్టుకున్నాడు.
రెండు వారాలు పత్తా లేడు.
తిరిగొచ్చినప్పుడు ఆ కాగితం వెనక
డీజిలు లెక్కలున్నాయి.

అప్పటినుంచి ఆయన ముందు నేను ప్రశ్ననే.
"మరి నువ్వేమంటవు?" అంటాను, ఊరుకుంటాను.
ఊరుకోవడం నాలుక కింద
గులకరాయి పెట్టుకున్నట్టుంటుంది.
ఆయనే తవ్వుకుంటూ పోతాడు,
అడుగులు ఆయనే లెక్కపెడతాడు.
ఎక్కడో మూడువందల అడుగుల దగ్గర
"రాయి నేను పెట్టిందైతే కాదు గద" అంటాడు.
ఆ మాట నేను చెప్పి ఉంటే
అదీ డీజిలు లెక్కల కిందికి పోయేది.

ఈదమ్మ వేరు.
చెమట కంట్లోకి జారుతున్నా ఫ్యాను వైపు చూడదు.
కుర్చీ ఉన్నా గడప పక్కన కిందనే కూర్చుంది.
పన్నెండేండ్లకు మేస్త్రీ వెంట లారీ ఎక్కింది.
"లెవ్వమంటె లేసినం, తట్ట ఎత్తమంటె ఎత్తినం,
తినమంటె తిన్నం."
ఇప్పుడు పండుకోమనేటోడు లేడు. నిద్ర రాదు.

"నువ్వేమనుకుంటున్నవమ్మా?"
కాలేజీలో నేర్చిన మర్యాదతో అడిగాను.
బెదిరింది.
"నేననుకునేదేముంటది, నొసట రాసిండు.
నువ్వు జెప్పు మేడం. ఏం జెయ్యాల్నో జెప్పు."

నెత్తి మీద బరువు లేకుండా
నడవమంటే తూలే మెడ అది.
కొన్నాళ్లు నేనే మేస్త్రీనైనాను,
ఇష్టం లేకుండానే.
"కోడి కూయంగ లేవాలె. రైల్వేగేటు దాకా నడవాలె.
పక్కింటామెతో మూడు మాటలు మాట్లాడాలె."
హాజరుపట్టీలో వేలిముద్ర వేసినట్టు
రోజు తప్పకుండా చేసింది.
వారం వారం తట్టలో కొంచెం మట్టి తగ్గించాను,
ఆమెకు తెలిసేలా కాదు.

ఐదో నెలలో
"గేటు దాకా పోలే" అంది.
నేనేదో అనబోయేలోపు,
"కందిచేన్ల దిక్కు పోయిన. అటు గాలి మంచిగుంది."

అని, లేచి, గోడ దగ్గరికి పోయి
రెగ్యులేటర్ తిప్పింది.
ఫ్యాను పాత తిరుగుడే తిరిగింది.
అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"ఇది సచ్చింది గదా మేడం. ఎన్నొద్దులాయె?
బాగు జేపియ్యి."

నాలుగేండ్లు.
ఆ గుండీ వెనక తీగ లేదని నాకొక్కదానికే తెలుసు.
తిప్పిన ప్రతిసారీ కుర్మయ్య
"ఇగ సక్కగొస్తది గాలి" అని కూర్చునేవాడు.
నేను చెప్పలేదు.
చెప్పాల్సిందో కాదో ఇప్పటికీ తేలలేదు.

సాయంత్రం కరెంటాయనకు అర్జీ రాశాను.
"ఫిర్యాదు చేసిన వారు" అన్న గడిలో
చెయ్యి అలవాటుగా నా పేరు దగ్గరికి పోయింది.
ఆపి, ఆమె పేరు రాశాను,
ఇంటిపేరుతో సహా.