చుక్క తర్వాతి సున్నా

సిరొంచల, ప్రాణహిత ఒడ్డున
నీళ్ల మట్టం చదువుడు మా నాయన ఓదెలు కొలువు.
రేవు మెట్ల పక్కన పాతిన తెల్లబద్ద,
దాని మీద వరుసగ నల్లగీతలు.
నాయనకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు.
బడి మరాఠీది, ఇంట్ల తెలుగు.
నదికి రెండూ రావు.

ఆ శ్రావణం రాత్రి వానల
లైటు కొట్టి చూసి అరిచిండు:
"తొమ్మిది మీటర్లు, మీద ఐదు!"
గొడుగు కింద, తొడ మీద వహీ పెట్టుకొని
నేను రాసిన: 9.5
రాసిందే ఫోన్ల చదివిన.

తెల్లారేసరికి కింది వాడ ఖాళీ.
కొమెర లస్మక్క కోళ్లగంప నెత్తిన పెట్టుకొని
తహసీలు వరండా అంచుకు తడుస్తున్నది.
ఆమె బాలింత కోడలు జీపుల.
బద్ద మీద నీళ్లు మాత్రం
తొమ్మిదో గీత దాటి మూడు వేళ్లే.

సాయెబు మరాఠీల తిట్టిండు.
నాయన మారు మాట్లాడలే.
నన్ను రేవుకు తోలుకపోయి
తొమ్మిదో గీత మట్టానికున్న మెట్టు మీద నిలబెట్టిండు.
వంగి, నా చీలమండ కాడ
మూడు వేళ్లు అడ్డం పెట్టి, "ఇది నేను చెప్పింది."
మోకాలు ముట్టి, "ఇది నువ్వు రాసింది."

మోకాలు ఇంకా పొడిగనే ఉన్నది.

చుక్కకు కుడిపక్క మొదటి గది పదోవంతుది,
బెత్తెళ్లు ఉండే గది.
దాని వెనకది నూరోవంతుది,
చిటికెన వేలంత నీళ్లవి.
బెత్తెడు ఒక్కటీ లేకున్నా
గది మాత్రం ఉంటది.
గడప మీద సున్నాను కూర్చోబెట్టకుంటే
వెనకున్న ఐదు ముందుకు జరిగి
పది రెట్లు లావైతది,
బాలింతను జీపు ఎక్కిస్తది.

చిట్టచివర పెట్టే సున్నా వేరు.
9.50 అని రాసినా, తుడిపేసినా
నది కదలదు.
ఆ తేడా గురూజీ బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పిండో!
నేను కిటికీల నుంచి పడవలు లెక్కపెట్టిన.

లస్మక్క నన్నిప్పటికీ పేరు పెట్టి పిలువదు.
"సున్నా మింగిన పిల్ల" అంటది.
రెండు కోళ్లు ఆ రాత్రే పోయినయట,
పండుగ పండుగకూ గుర్తు చేస్తది.

ఇప్పుడు బద్ద చదివేది నేను, ఫోన్ చేసేది నేను.
తొమ్మిది.
చుక్క.
సున్నా.
సున్నా దగ్గర ఒక ఊపిరి సేపు ఆగుత.
ఆ సందుల అవతలి గుమాస్తాకు
నది చప్పుడు వినబడతదేమో,
"హలో, హలో, ఉన్నరా?" అంటడు.

ఉన్న.
ఐదు.