లాభం, రెండు, మూడు

అంబాజీపేట కొబ్బరికాయల షెడ్డులో
మా ఎస్తేరు పిన్ని నోట ఒకటి అన్న మాట రాదు.
లాభం, రెండు, మూడు...
ఆట లెక్కా అంతే.
సింగిల్ తీస్తే లాభం.
వికెట్ పడితే మాటుండదు, ఓ గుటక.

డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో,
తనకీ సరిగ్గా గుర్తులేదు.
కాలవగట్టున కొబ్బరిమట్ట బ్యాటుతో తిరిగిన పిల్ల
రాష్ట్రం జట్టులో పన్నెండో మనిషి.
రావులపాలెం దాకా అరటిగెలల లారీ,
రాజమండ్రిలో జనరల్ బోగీ,
గోనెసంచిలో పదకొండు మందికి మూడు బ్యాట్లు,
ప్యాడ్లు రెండూ ఎడమకాలివే.
మరుగుదొడ్డి తలుపు పక్క ముడుచుకుని పడుకుంది.
ఇప్పటికీ అలాగే పడుకుంటుంది,
మంచం ఎంత పొడుగున్నా.

తెల్ల స్కర్టు ఇంట్లో తెలీకుండా ఉతికి
చర్చి వెనక కంచె మీద ఆరేసేది.
పాస్టరమ్మ చూసింది, ఏమీ అనలేదు,
ఇస్త్రీ చేసిచ్చింది.

ఒక్క మ్యాచూ ఆడలేదు. నీళ్లు మోసింది.
నెట్స్‌లో బంతి తగిలి ఉంగరం వేలు వంకరపోతే
పెళ్లిలో బాబాయి చూపుడు వేలికి తొడిగాడు.

దేశం జట్టు కబురు
కొబ్బరి ధరల కింద బొటనవేలంత అచ్చయ్యేది.
కత్తిరించి బైబిల్లో దాచేది,
గెలుపులు కీర్తనల దగ్గర,
ఓటములు యోబు దగ్గర.
ఏళ్ల తరబడి యోబే లావెక్కాడు.

మొన్న ఫైనల్ రోజు రాత్రి వాన.
కరెంటు పోతే ఇన్వర్టరు,
ఇన్వర్టరు మూలిగితే ఆటో బ్యాటరీ.
"ఆడపిల్లల ఆట ఎవడు చూస్తాడే" అన్న సత్తిరాజు
అందరికంటే ముందు చాప పరుచుకున్నాడు.
ఆఖరి క్యాచ్ పడగానే
పక్క వీధి దాకా ఈలలు, టపాసులు,
తడిసినవి తుస్సుమన్నా మళ్లీ వెలిగించారు.

పిన్ని అరవలేదు.
కళ్లజోడు కొంగుతో తుడుచుకుని
టీవీకి జానెడు దూరంలో కూచుంది.
"అదిగో, ఆ చివర,
సీసాలు పట్టుకున్న పిల్ల, దాని పేరేంటే?"

నాకు తెలీదు. షెడ్డులో ఎవరికీ తెలీదు.
ఫోన్లో వెతికేలోపు
సబ్బు ప్రకటన వచ్చేసింది.

మర్నాడు పేపరు మొదటి పేజీ నిండా వాళ్లే.
మడిచి, మళ్లీ మడిచి చూసింది,
బైబిల్లో పట్టలేదు.
బియ్యం డబ్బా కింద పెట్టి పనికొచ్చింది.

కాయ మీద కాయ పడుతున్న మొద్దు చప్పుడు.
లాభం, అంది.
రెండు దగ్గర ఆగి నావైపు చూసింది.
"కనుక్కున్నావా?"