పొగ ముందు, నిప్పు తర్వాత

నా పని దుమ్ము తుడవడం.
చహ్నంతోర్ మైదానం మీద
ముక్కుకి ఆక్సిజన్ గొట్టం తగిలించుకుని
కంప్యూటర్ల గదిలో నేల, అరలు, తలుపు సందులు.
ఐదు వేల మీటర్ల ఎత్తులో
దుమ్ముకి మాత్రం ఆయాసం రాదు.

బయట తెల్లటి పళ్ళేలన్నీ
ఒక్కసారే మెడ తిప్పుతాయి,
కాపరి ఈల విన్న మందలా.

నిన్న రాత్రి కింద శిబిరంలో
బెర్నార్దిత తెర మీద పొరుగు గెలాక్సీని చూపించింది.
పొరుగంటే,
ఆ వెలుతురు బయల్దేరేనాటికి మనుషులే లేరట.
చుట్టలు తిరిగిన చేతుల వెంట మురికి చారలు.
నా చెయ్యి అలవాటుగా గుడ్డ కోసం తడిమింది.
"తుడిచేయకు ఫిదెలీనా," నవ్వింది,
"చుక్కలు పుట్టేది అందులోనే."

దుమ్ము నీడ పడుతుందట.
ఆ నీడలో, ఆ రేణువుల మీదే
హైడ్రోజన్ జతకడుతుంది.
అంత చలిలో అది నోరు విప్పదు.
పక్కనున్న కార్బన్ మోనాక్సైడ్ గొణుగుతుంది,
ఆ గొణుగుడు పట్టుకుని దాని జాడ తీస్తారు.

ఆ పేరు నాకు తెలుసు.
సోకైరేలో తలుపులు బిగించి
కుంపటి రాజేసుకుని పడుకున్న లిబోరియో బాబాయి
పొద్దున లేవలేదు.
పోలీసు కాగితం మీద ఆ పేరే రాశారు.

బెర్నార్దితకి చెప్పలేదు.

నిప్పు లేనిదే పొగ రాదంటాం.
అక్కడ పొగే ముందు.
తన బరువుకి తానే కుంగి, ముడుచుకుని, కాగి,
ఎప్పటికో నిప్పు.
అదీ నూటికి ఏ ఒకటో రెండో పాళ్ళు.
మిగతాదాన్ని
పుట్టిన పిల్లలే ఊది చెదరగొడతాయి.
తెర మీద ఆ ఖాళీలు
పొంగి పగిలిన గంజి బుడగల్లా ఉన్నాయి.
చెదిరింది మళ్ళీ ఎక్కడో పేరుకుంటుంది,
తొందరేం లేదు.

మా అమ్మమ్మ చుక్కల్ని లెక్కచేసేది కాదు.
పాలపుంతలో నల్లమరకని చూపించి
"అదిగో లామా, దాని కింద పిల్ల, పాలు తాగుతోంది" అనేది.
నాకు ఎంతసేపు చూసినా
చీకటే కనిపించేది.

ఈ పొద్దున గుడ్డ దులపడానికి బయటికొచ్చాను.
బాబాయి కుంపటి ఇంకా మా గుమ్మంలోనే ఉంది,
అందులో అమ్మ పుదీనా వేసింది.
కాసేపు నిలబడ్డాను, మడిచిన గుడ్డతో.

దులిపేశాను.
గాలి దాన్ని అర్జెంటీనా వైపు తీసుకెళ్ళింది.