బెల్టు మీద గీత

బండ్ల సంగతి తెలిసినవాణ్ణని
రుస్తావి సంతకి నన్ను తోడు తీసుకెళ్లారు అక్కా బావా.
నాకు తెలిసిందల్లా
టైరును కాలితో తన్ని తల పంకించడం.

సముద్రం దాటొచ్చిన సెడాన్. బూడిద రంగు.
ఐదుగురు పడతారు, బావ తమ్ముళ్లయితే నలుగురే.
అమ్మేవాడు జుంబేర్
బానెట్ ఎత్తి, పెళ్లికూతురి ముసుగు తీసినట్టు
పక్కకి జరిగాడు.
ఇంజను అద్దంలా ఉంది.
అదే నాకు నచ్చలేదు,
ఎందుకో చెప్పడం మాత్రం రాలేదు.

అక్క మాట్లాడలేదు.
ఇరవయ్యేళ్లుగా రొట్టెల పొయ్యిలోకి వంగే మనిషి,
పిండి ఎక్కడ పులిసిందో ముక్కుకి తెలుసు.
వెనక సీట్లో కూర్చుని బెల్టు లాగింది.
లాగుతూనే ఉంది,
బావిలోంచి చేద తోడినట్టు
చివరి మూర దాకా.

అక్కడుంది గీత.
ఎండిన బురద, సన్నగా.

"నీళ్లలో మునిగిన బండా!" బావ గొంతు లేచింది.
జుంబేర్ వాళ్లమ్మ మీద ఒట్టేశాడు,
చాలదనిపించి నాన్న మీద కూడా.
అక్క బెల్టు వదిలింది.
సర్రున లోపలికి పోయింది గీత.

"మన వంటింటి గోడకీ ఉందిగా.
వాగు వచ్చిపోయి ఎన్నేళ్లయింది,
ఎన్ని సున్నాలేసినా తేలుతూనే ఉంటుంది.
ఇల్లు వదిలేశామా?"
అని, అతని వైపు తిరిగి
"వెయ్యి డాలర్లు తగ్గించు" అంది.

ఆరు వందల దగ్గర బేరం తెగింది.

జనవరి చలిలో
అద్దాలన్నీ దించుకునే వచ్చాం, వాసన పోవాలని.
అక్క నడిపింది.
వెనక నేను
బెల్టు పెట్టుకుంటూ
కొంచెమే లాగాను.