గంట మాస్టరు జోస్యం

రాత్రి ఒంటిగంట దాటింది.
టవర్ క్లాక్ పక్కన దస్తగిరి టీ బంకులో
ఫోనును చక్కెర డబ్బాకు ఆనించి
ఐదుగురం చూస్తాండాం.
యాడో మంచు కురిసే ఊర్లో, పైకప్పు కింద,
ఆడోళ్ళ మూడు వేల మీటర్ల పరుగు.
చుట్టు రెండు వందల మీటర్లే. పదిహేను చుట్లు.

"ఇంట్లో పరుగేందప్పా" అంటాడు దస్తగిరి.
"ఎండ లేదు, గాలి లేదు,
కాలి కింద పల్లేరుకాయన్నా లేదు.
ఇంగ దాన్ని పరుగంటారా?"

రామాంజిని దగ్గర అంకెలున్నాయి.
ఈ ఏడు ఎవరి టైమెంత, పోయినేడు ఎంత,
ఆఖరి నాలుగు వందలు ఎవరు ఎన్ని సెకన్లలో.
నార్వే పిల్ల మీద రెండు ఎగ్‌పఫ్‌లు కాసినాడు.
అంకెల్ని నేను కాదనను.
కానీ ఈ జిల్లాలో అంకెలు చెప్పిన వాన
ఎన్నిసార్లు కళ్యాణదుర్గం దాకా వచ్చి
బళ్ళారి వైపు తిరుక్కోలేదు?

"మాస్టరూ, నువ్వు చెప్పు."

మా మామ శెనక్కాయ చేన్లో
గట్టు పక్క చెట్టు పీకేవాడు కాదు.
నడి చేన్లోకి పోయి, వాడిన చెట్టునొకటి పీకి,
ఊడలు లెక్కబెట్టి, మన్ను వాసన చూసి
ఎకరాకు ఎన్ని మూటలో చెప్పేవాడు.
నేనూ అంతే. ముందున్నదాన్ని చూడను.
నాలుగో స్థానంలో, లోపలి గీతకు అతుక్కుని
ఒక్క అడుగు కూడా దుబారా చేయని
ఆ పచ్చ బనియన్‌ను చూస్తా.
పొట్టి ట్రాకులో బయట నుంచి దాటాలంటే
ప్రతి వంపూ వడ్డీ వసూలు చేస్తాది.
ఆమె ఇంతవరకూ అప్పు చేయలేదు.
బిందె మోసేవాళ్ళ భుజాలవి,
నీళ్ళు తొణకవు.

"పచ్చ బనియన్" అన్నా.
"రెండు చుట్లుండగా కదుల్తాది."
లెక్కలోళ్ళు నవ్వినారు.

ఎనిమిదో చుట్టులో
వేగం పట్టించే పిల్ల పక్కకు తప్పుకుంది.
అదే ఆమె కూలి. ఆమె మీద ఎవరూ పందెం కాయరు.

నన్ను గంట మాస్టరంటారు.
ఎందుకో ఈ పిల్లోళ్ళకు తెలీదు.
తొంభై మూడు, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు, జిల్లా పోటీలు.
సున్నం గీతలు, మిట్టమధ్యాహ్నం.
ఏడున్నర చుట్ల పరుగులో
ఇంగా రెండుండగానే గంట కొట్టినా.
ముందున్న బొమ్మనహాళ్ పిల్ల, ఓబుళక్క, వట్టి కాళ్ళతో,
గంటను నమ్మింది.
ఉన్నదంతా ఊడ్చి పెట్టి
గీత దాటి, మోకాళ్ళ మీద కూలబడింది.
"ఇంగా ఒక చుట్టుంది" అని
చెప్పాల్సింది నేనే. చెప్పినా.
లేచింది. నడిచింది. తొమ్మిదోది అయింది.
నన్ను తిట్టలేదు.
గంట వైపు చూసింది, అంతే.

పదకొండేళ్ళకు గుంతకల్లు స్టేషన్లో
కదిలే రైలు వెంట ఎవరో పరుగెత్తుతాంటే చూసినా.
చంకలో బిడ్డ, చేతిలో క్యారేజీ.
ఆమే.
అందుకోలేదనే అనుకున్నా.
ఎక్కేసింది.

రెండు చుట్లున్నాయి.
పచ్చ బనియన్ కదిలింది.
గాలి లేదన్న దస్తగిరి ఊపిరి బిగబట్టినాడు,
స్టవ్వు మీద పాలు పొంగి కారిపోతాంటే ఎవరికీ పట్టలేదు.
రామాంజిని అంకెలు మర్చిపోయి
"పోవే తల్లీ, పోవే" అంటాండాడు, ఎవర్నో తెలీదు.

నేను మాత్రం తెర అంచున,
కెమెరా పట్టించుకోని మూల,
తెల్లకోటు ముసలాయన చేతిని చూస్తాండా.
గంట తాడు పట్టుకున్నాడు.
పెదాలు కదుల్తాండాయి. లెక్కబెడతాండాడు.
వద్దు సామీ, ఇప్పుడే వద్దు.
పద్నాలుగు నిండనీ.
ఇంగొక్క వంపు.
నా చేయి బెంచీ చెక్కను పట్టుకుంది.

కొట్టినాడు.
సరిగ్గా కొట్టినాడు.

ఎవరు గెలిచినారో, ఎగ్‌పఫ్‌లు ఎవరు తిన్నారో
రామాంజినిని అడగండి.